911కి ఫోన్ చేస్తే పోలీసులు మాత్రమే వస్తారా?

బైపోలార్ అనే మానసిక వ్యాధి ఉన్న మీ తమ్ముడు మందులు మానేసి రాత్రంతా నిద్రపోకుండా అరుస్తున్నాడని, టెక్సాస్‌లోని డల్లాస్‌లో అత్యవసర నంబరు 911కి చేస్తే పోలీసులు తుపాకి తీస్తారేమోనని భయంగా ఉందని రాశారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. 1987లో మెంఫిస్‌లో మానసిక వ్యాధితో కత్తి పట్టుకున్న యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపాకే, మరుసటి ఏడాది అక్కడ సీఐటీ అనే ప్రత్యేక శిక్షణ మొదలైంది. మానసిక సంక్షోభంలో ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో పోలీసులకు నేర్పే శిక్షణ అది. డల్లాస్ నగరంలో 2018లో రైట్ కేర్ బృందాలు వచ్చాయి. వీటిలో పోలీసు అధికారి, పారామెడిక్, సోషల్ వర్కర్ కలిసి వస్తారు. శివారు ఊళ్లలో ఏర్పాట్లు వేరు. మీ ఊరి పోలీసులను సాధారణ నంబరులో ముందే అడిగి పెట్టుకోండి.

మా పెదనాన్నగారి అబ్బాయి విషయంలో ఫోన్ చేసింది నేనే. "ఇది మానసిక ఆరోగ్య అత్యవసరం" అన్నదే నా మొదటి మాట. ఆ వెంటనే జబ్బు పేరు, మానేసిన మందులు, ఇంట్లో తుపాకి లేదన్న సంగతి, యూనిఫాం చూస్తే బెదిరిపోతాడన్న సంగతి చెప్పాను. వచ్చిన అధికారి గది ఒకసారి చూసి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మాట్లాడిందంతా సోషల్ వర్కరే. ఏడుస్తూ హితబోధ చేస్తున్న పెద్దమ్మను మర్యాదగా వంటింట్లోకి పంపింది (మాలో ఎవరికీ అంత ధైర్యం లేదు!). అన్నయ్య ఎవరి మాట వింటాడో అడిగి, వదినను మాత్రం పక్కన ఉంచుకుంది. చెప్పులు వద్దు, బూట్లే వేసుకుంటానని అతను మొండికేస్తే, లేసులు కట్టుకునేదాకా అందరూ ఆగారు. ఆ తరువాత తనే నడిచి బండి ఎక్కాడు.

మీ తమ్ముడు రానంటే? మానసిక వ్యాధి వల్ల, వెంటనే ఆపకపోతే తనకో ఇతరులకో తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉందనిపిస్తే, టెక్సాస్ చట్టం ప్రకారం అధికారి వారెంటు లేకుండానే ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. కోర్టు ఉత్తర్వు లేకపోతే సాధారణంగా 48 గంటలకు మించి ఉంచకూడదు. అది అరెస్టు కాదు, నేరం కేసూ కాదు. దారిలో బేడీలు వేసే అవకాశం ఉంది, అమ్మానాన్నలకు ముందే చెప్పండి.

రైట్ కేర్ బృందం ఖాళీగా లేకపోతే సీఐటీ శిక్షణ ఉన్న అధికారిని పంపమని అడగండి. ఇప్పటికిప్పుడు ప్రమాదం లేకపోతే మాత్రం 911 కన్నా ముందు మానసిక సంక్షోభ సహాయ నంబరు 988కి చేయండి. పగలైనా రాత్రయినా పలుకుతారు. మందుల పేర్లు, డాక్టర్ నంబరు ఈ పూటే ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. ఆ గాభరాలో డోసు ఎవరికీ గుర్తురాదు.