నైట్రో కారు స్టార్ట్ కావడం లేదా? నీడిల్ తర్వాత, ప్లగ్ ముందు

ప్రశ్న: నిన్న బాగానే పరిగెత్తిన నైట్రో కారు (మెథనాల్ కలిసిన ఇంధనంతో నడిచే చిన్న రిమోట్ కారు) ఈరోజు తాడు ఎన్నిసార్లు లాగినా అందుకోవడం లేదు. కార్బురేటర్‌లో ఇంధనాన్ని తగ్గించి పెంచే మరలు, అంటే రెండు నీడిళ్లూ, అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

జవాబు: నీడిళ్లను ముట్టుకోకుండా ఉండాల్సింది. నిన్న నడిచిన సెట్టింగ్ రాత్రికి రాత్రి దానంతటది మారిపోదు. మారేవి ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్, ఆ ప్లగ్‌ను వేడెక్కించే చేతి బ్యాటరీ అయిన ఇగ్నైటర్ చార్జ్, ఇంధనం. వెతకాల్సిన వరుస కూడా అదే.

ప్లగ్ విప్పి, పూర్తిగా చార్జ్ చేసిన ఇగ్నైటర్‌కు తగిలించండి. చుట్టూ ఇంధనం ఏమీ ఉండకూడదు. మెథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు, చెయ్యి కాలాకే తెలుస్తుంది. ప్లగ్ లోపలి సన్నని ప్లాటినం తీగ చుట్టలన్నీ నిప్పు కణికలా నారింజ రంగులో వెలగాలి. కొన్ని చుట్టలే వెలిగినా, తీగ నలిగి ఒకదానికొకటి అంటుకున్నా ప్లగ్ మార్చండి. మొత్తం మసక ఎరుపుగా కనిపిస్తే చాలాసార్లు తప్పు ఇగ్నైటర్‌ది. అందులో ఉండేది ఒక్క 1.2 వోల్టుల సెల్, కాస్త చార్జ్ తగ్గినా సరిపోదు.

ఈ తీగ గురించి ఒక మాట తెలుసుకుంటే మిగతా సమస్యలు సగం అర్థమవుతాయి. మొదట దాన్ని వేడెక్కించేది బ్యాటరీ. ఇంజన్ అందుకున్నాక సిలిండర్‌లో పుట్టే వేడి, ప్లాటినం మీద మెథనాల్‌కు జరిగే రసాయన చర్య కలిసి దాన్ని ఎర్రగా ఉంచుతాయి. ఇగ్నైటర్ తీసేసినా ఇంజన్ నడిచేది అందుకే. ఇందులో పెట్రోలు పోస్తే పనికిరానిదీ అందుకే.

ప్లగ్ బాగుంటే ఇంధనం కార్బురేటర్ దాకా వస్తోందో లేదో ట్యూబ్‌లో చూడండి. రాకపోతే సైలెన్సర్ గొట్టం చివర వేలితో మూసి తాడు రెండు మూడు సార్లు లాగండి. సైలెన్సర్‌లోని గాలి దానికి తగిలించిన సన్న ట్యూబ్ గుండా ట్యాంక్‌లోకి వెళ్లి ఇంధనాన్ని ముందుకు నెడుతుంది. అది కార్బురేటర్‌ను తాకగానే వేలు తీసేయండి, ఆపైన లాగిన ప్రతి లాగూ ఇంజన్‌ను ముంచేస్తుంది. అయినా కదలకపోతే ఆ సన్న ట్యూబ్ ఊడిందేమో, ట్యాంక్ మూత రబ్బరు చీలిందేమో, ఫ్యూయల్ ఫిల్టర్ మూసుకుపోయిందేమో చూడండి.

మీరు తిప్పేసిన నీడిళ్ల సంగతికి వస్తే, ఒక్కొక్కదాన్నీ మెల్లగా లోపలికి తిప్పి, తగిలిన చోట ఆపండి. బిగిస్తే మొన, అది కూర్చునే చోటు రెండూ పాడవుతాయి. అక్కడి నుంచి మాన్యువల్‌లో చెప్పినన్ని చుట్లు వెనక్కి తిప్పండి. ఈ లెక్క ఇంజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి పక్కవాడి కారు అంకె మీకు పనికిరాదు. ఎయిర్ ఫిల్టర్ తీసి, రిమోట్ ఆన్ చేసి, థ్రాటిల్ వదిలేసినప్పుడు కార్బురేటర్ నోట్లో సుమారు ఒక మిల్లీమీటర్ సందు ఉండాలి. పూర్తిగా మూసుకుని ఉంటే ఇంజన్‌కు గాలే అందదు.

ప్రశ్న: తాడు సగంలోనే బిగుసుకుపోతోంది. గట్టిగా లాగవచ్చా?

జవాబు: వద్దు. ఇంజన్ నిండా ఇంధనం చేరిందన్నమాట. గాలి నొక్కుకుంటుంది, ద్రవం నొక్కుకోదు. బలవంతంగా లాగితే తాడు తెగుతుంది, లేదా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, రంధ్రం మీద గుడ్డ వేసి, కారును తలకిందులుగా పట్టుకుని ఐదారు లాగులు లాగండి. లోపల నిలిచిన ఇంధనం బయటికి చిమ్ముతుంది. ప్లగ్ తుడిచి, వాషర్ ఉన్న ప్లగ్ అయితే వాషర్ పోకుండా తిరిగి బిగించండి.

ఇంధనం ఏమీ రాకుండా బిగుతు అలాగే ఉంటే, ఇంజన్ కొత్తదా? కొత్త ఇంజన్‌లో స్లీవ్, అంటే పిస్టన్ కదిలే లోపలి గొట్టం, పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది, పిస్టన్ పై కొసన ఇరుక్కుంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్ హెడ్‌ను కొన్ని నిమిషాలు వేడి చేస్తే స్లీవ్ వ్యాకోచించి వదులవుతుంది. తాడును ఎప్పుడూ పూర్తిగా బయటికి లాగకండి. 30 సెంటీమీటర్ల లోపు, చురుకైన చిన్న లాగులు చాలు.

ప్రశ్న: స్టార్ట్ అవుతుంది గానీ ఇగ్నైటర్ తీయగానే ఆగిపోతుంది.

జవాబు: ముందు తొందర తగ్గించండి. అందుకున్నాక కనీసం అర నిమిషం ఇగ్నైటర్ ఉంచి, హెడ్ వేడెక్కనివ్వండి. అయినా ఆగితే కొత్త ప్లగ్ వేయండి. అప్పటికీ ఆగితే ఐడిల్‌లో, అంటే థ్రాటిల్ వదిలేసి నెమ్మదిగా నడిచేటప్పుడు, ఇంధనం ఎక్కువై తీగను చల్లారుస్తోంది.

ఇంజన్ బాగా వేడెక్కాక, ఇగ్నైటర్ తగిలించి ఉంచే, ఐడిల్‌లో కార్బురేటర్ దగ్గర ఫ్యూయల్ ట్యూబ్ నొక్కి చూడండి. మూడు నాలుగు సెకన్లలో వేగం కాస్త పెరిగి ఆగిపోతే ఐడిల్‌లో ఇంధనాన్ని సరిచూసే లో స్పీడ్ నీడిల్ సరిగ్గా ఉంది. నొక్కిన వెంటనే ఆగితే ఇంధనం చాలడం లేదు, ఇంకా చాలాసేపు నడుస్తూ వేగం బాగా పెరిగితే ఎక్కువైంది. సరిచేసేటప్పుడు చుట్టులో పన్నెండో వంతు, అంటే గడియారం ముల్లు ఒక గంట కదిలినంతే తిప్పి, మళ్లీ పరీక్షించండి.

నీడిల్ ఎంత సరిచేసినా ఐడిల్ ఒకసారి పెరుగుతూ ఒకసారి పడిపోతూ ఉంటే ఎక్కడో గాలి లోపలికి పీలుస్తోంది. కార్బురేటర్ అడుగున ఉండే రబ్బరు రింగు, ఇంజన్ వెనక మూత దగ్గరి గాస్కెట్, ట్యూబ్‌లో సూదిపోటంత రంధ్రం, ఈ మూడూ చూడకుండా ట్యూనింగ్ మీద గంటలు వృథా చేయకండి.

ప్రశ్న: చల్లగా ఉన్నప్పుడు అందుకుంటుంది. వేడిగా ఆపితే మాత్రం చల్లారేదాకా కదలదు.

జవాబు: పాత ఇంజన్ అయితే ఇది పిస్టన్, స్లీవ్ అరుగుదల. వేడికి స్లీవ్ వదులై కంప్రెషన్ పడిపోతుంది. ప్లగ్ ఉంచి ఫ్లైవీల్‌ను వేలితో తిప్పితే పై కొసన పట్టు తెలియాలి, వేడిగా ఉన్నప్పుడు ఏ పట్టూ లేకుండా తిరిగిపోతే రెండింటినీ జతగా మార్చాల్సిందే. నీడిల్‌తో దీనికి మందు లేదు.

ప్రశ్న: చాలా నెలల కిందట తెరిచిన ఇంధనం వాడవచ్చా?

జవాబు: మూత సరిగా పడని డబ్బా అయితే వద్దు. మెథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, ఆ ఇంధనంతో స్టార్ట్ చేయడం కష్టం, అందుకున్నా ఐడిల్ నిలవదు. నడపడం పూర్తయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, ఇంజన్‌లో మిగిలింది కూడా కాలిపోయేలా చేసి, ప్లగ్ రంధ్రంలోనూ కార్బురేటర్‌లోనూ ఆఫ్టర్ రన్ ఆయిల్ నాలుగైదు చుక్కలు వేసి కొన్నిసార్లు తిప్పండి. లేకుంటే బేరింగులు తుప్పు పడతాయి. పక్కన పెట్టేముందు ఫ్లైవీల్ తిప్పి పిస్టన్‌ను కిందికి దించండి. పై కొసన వదిలేస్తే తర్వాతిసారి తాడు కదలక, రెండో ప్రశ్న అడిగినవారి అవస్థే మీకూ వస్తుంది.