అక్వేరియం కోసం అత్యవసర నిధిని తీయొద్దు

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం, ఒక పాప. బేస్‌మెంట్ గోడలో 600 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం కట్టించుకోవాలని ఎన్నో ఏళ్ల కోరిక. గోడ పని, ట్యాంకు, పరికరాలు, చేపలు, కోరల్స్ (పగడపు జీవులు) అన్నీ కలిపి మా ఇంటి నాలుగు నెలల ఖర్చంత అవుతుందని లెక్క తేలింది. అత్యవసర నిధి కింద రెండు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు ఉంది. అందులో సగం తీసి, ఇంకో రెండు నెలల ఖర్చంత ఇంటి రుణంపై టాప్-అప్ (అదే రుణం మీద అదనపు అప్పు) తీసుకుని, మిగిలింది క్రెడిట్ కార్డుపై 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే నెలవారీ వాయిదా) పెడదామని అనుకుంటున్నాం. ఇంటి విలువ కూడా పెరుగుతుంది కదా. పని చేసేవాళ్లు ఈ వారంలోగా అడ్వాన్సు అడుగుతున్నారు. ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వకండి.

మీ కోరికను నేను తప్పు పట్టడం లేదు. ఇద్దరూ సంపాదిస్తున్నారు, ఇష్టమైనదాని మీద ఖర్చు పెట్టుకునే హక్కు మీకుంది. కానీ ఈ ఉత్తరంలో ఉన్న పొరపాటు నాకు తరచూ కనిపిస్తుంది. ఒకరు కుక్కల కోసం చేస్తారు, ఇంకొకరు మిద్దె తోట కోసం చేస్తారు. పెట్టే ఖర్చును ఒకసారి అయిపోయేదిగా లెక్కేసుకుని, అత్యవసర నిధిని ఖాళీగా పడి ఉన్న సొమ్ములా చూస్తారు.

మామూలు సరదాలకూ దీనికీ ఒక తేడా ఉంది. రేపు ఒకరి జీతం ఆగిపోతే ప్రయాణాలు మానేస్తారు, బయట తినడం మానేస్తారు, కొత్త ఫోను వాయిదా వేస్తారు. అక్వేరియంను అలా వాయిదా వేయలేరు. పంపు ఆగితే కొన్ని గంటల్లోనే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. నీటి వేడి 24 నుంచి 27 డిగ్రీల మధ్యే నిలవాలి. లీటరు నీళ్లకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉండాలి. అక్వేరియంలలో పెరిగే క్లౌన్ చేప 20 ఏళ్లు దాటి బతికిన సందర్భాలున్నాయి. అంటే ఇది ఇంటి రుణం వాయిదా, పాప స్కూలు ఫీజు ఉన్న వరుసలో, తప్పనిసరి ఖర్చుల్లో చేరుతుంది. తప్పనిసరి ఖర్చు పెరిగితే అత్యవసర నిధి కూడా పెరగాలి. మీరు సరిగ్గా ఆ సమయంలోనే దాన్ని సగం చేస్తున్నారు.

లెక్క చూద్దాం. మీ ఇంటి నెల ఖర్చు 100 అనుకోండి. నిధి 200. అక్వేరియం ఖర్చు 400. నిధిలోంచి 100 పోతే 100 మిగిలింది. టాప్-అప్ 200కి 9 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే నెలకు 2 చొప్పున వాయిదా. కార్డు మీద 100కి నెలకు 8కి పైనే. అక్వేరియం నడపడానికి నెలకు 4 వేశాను. మీ ఉత్తరంలో ఈ చివరి అంకె అసలు లేనే లేదు. ఇప్పుడు మీ నెల ఖర్చు 114. మిగిలిన 100తో మీరు నడవగలిగేది 26 రోజులు. రెండు జీతాల ఇల్లు, ఒక పాప, మధ్యలో రెండు జీతాలూ ఆగిపోతే 26 రోజులు! ఈ అంకెను ఇద్దరూ కూర్చుని ఒకసారి చూడండి. ఆరు నెలల నిధి కావాలంటే ఇప్పుడు 684 ఉండాలి. మీ దగ్గర 100 ఉంటుంది.

నెలకు 4 ఎందుకు వేశానో కూడా చెప్పాలి. పంపులు, లైట్లు, హీటరు, స్కిమ్మర్ (నీళ్లలోని వ్యర్థాలను నురుగుగా తీసేసే పరికరం) కలిసి సగటున 500 వాట్లు లాగితే రోజుకు 12 యూనిట్లు, నెలకు 360 యూనిట్ల కరెంటు. నెలకు 15 శాతం నీళ్లు మార్చినా 90 లీటర్లు, అంటే మూడు కిలోలకు పైగా ఉప్పు. ఆ నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్లు, పరీక్షల కిట్లు, మేత వేరే. పైగా ట్యాంకులోంచి ఆవిరయ్యే నీళ్లన్నీ బేస్‌మెంట్ గాలిలోకే వెళ్తాయి. కిందంతా చెమ్మ పట్టి గోడలకు బూజు రాకూడదంటే తేమ లాగే యంత్రం దాదాపు ఎప్పుడూ తిరగాల్సిందే, దాని కరెంటు నేను లెక్కలో కలపనే లేదు. ఇవన్నీ ఏ గొడవా లేని నెలలో ఖర్చులు. హీటరు ఆగకుండా వేడెక్కిస్తూ పోవడం, సిలికాన్ అతుకు ఊడటం, రాత్రంతా కరెంటు లేకపోవడం ఈ వ్యాపకంలో అందరికీ తెలిసిన సంఘటనలే. మామూలు ట్యాంకు పాడైతే బయటకు లాగి మార్చుకుంటారు. గోడలో బిగించినదాన్ని మార్చాలంటే మళ్లీ గోడ పని.

నా దగ్గరికి వచ్చిన ఒక జంట ఇలాగే నిధి ఖాళీ చేసి ట్యాంకు పెట్టుకున్నారు. పెట్టిన కొన్ని నెలలకే పంపు పోయింది. అదే నెలలో ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చింది. రెండూ కార్డు మీదికి వెళ్లాయి. వాళ్లు నా దగ్గరికి వచ్చింది చేపల గురించి మాట్లాడటానికి కాదు, మూడో కార్డు తీసుకోవచ్చా అని అడగడానికి. ఆ రోజు నుంచి ప్రాణమున్న వ్యాపకం గురించి ఎవరు అడిగినా నేను మొదట నిధి గురించే అడుగుతున్నాను.

ఇక అప్పు. నిజం చెప్పాలంటే ఈ భాగం చదివినప్పుడు నాకు ఓపిక పోయింది. టాప్-అప్ వాయిదా చిన్నగా కనిపిస్తుంది కాబట్టి జనం తీసుకుంటారు. పైన చెప్పిన వడ్డీకి 200 తీసుకుంటే 15 ఏళ్లలో కట్టేది 365. ఈలోగా పంపులు, లైట్లు ఒకటికి రెండుసార్లు మారిపోతాయి. ఎప్పుడో పారేసిన పంపుకు మీరు ఇంకా వడ్డీ కడుతూ ఉంటారు, దానికి హామీగా మీ ఇల్లు ఉంటుంది. చేపల తొట్టి కోసం ఇంటి మీద అప్పు పెంచుకోకండి. కార్డు మీద నో కాస్ట్ అన్న మాటను కూడా నమ్మకండి. నగదుకు ఇచ్చే తగ్గింపు పోవడమో, ప్రాసెసింగ్ ఫీజో, ఏదో రూపంలో ఖర్చు సాధారణంగా ఉంటుంది. కార్డు బిల్లు పూర్తిగా కట్టలేక మోసుకుంటూ పోతే, నెలకు 3 శాతం వడ్డీ అన్నది ఏడాది తిరిగేసరికి 42 శాతం దాటుతుంది.

అసలు ఇంత డబ్బు ఒకేసారి ఎందుకు? ఉప్పునీటి ట్యాంకులో నీళ్లు నింపిన రోజే చేపలు వేయరు. చేపల వ్యర్థాల వల్ల నీళ్లలో చేరే విషాలైన అమ్మోనియాను, నైట్రైట్‌ను మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా చేపలను ఒకటీ రెండుగా వదులుతారు. సున్నితమైన కోరల్స్ వేయడానికి ఇంకా నెలలు ఆగుతారు. కోరల్స్ లైట్లకు, వాటికి వాడే ఖరీదైన పరికరాలకు ఇవాళ అప్పు చేస్తే అవి డబ్బాల్లో ఉండగానే వడ్డీ మొదలవుతుంది. నెమ్మదిగా చేయాల్సిన పనికి నెమ్మదిగా డబ్బు కూడబెట్టుకుంటే సరిపోతుంది.

ఇంటి విలువ పెరుగుతుందన్న ఆశ వదిలేయండి. కొనేవాళ్లు దాన్ని తీసేసి గోడ పూడ్చి ఇవ్వమని అడగవచ్చు. ఇంటి బీమా పాలసీని తీసి నీటి నష్టం గురించి రాసిన భాగం చదవండి. చాలా పాలసీలు మెల్లగా కారే నీటి నష్టాన్ని, చేపలను కలుపుకోవు. మీ ట్యాంకు విషయం చెప్పి జవాబును రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న ట్యాంకుతో మొదలు పెట్టడం ఒక దారి, అయితే నీళ్లు తక్కువైతే ఉప్పు, వేడి త్వరగా మారతాయి కాబట్టి రోజూ కనిపెట్టుకుని ఉండాలి. వాడిన పరికరాలు కొనడం ఇంకో దారి.

నేనైతే ఇలా చేయమంటాను. ఇప్పుడే ట్యాంకు పెడితే టాప్-అప్‌కు, కార్డుకు, ట్యాంకుకు కలిపి నెలకు 14 ఎలాగూ కట్టాల్సి వచ్చేది. ఆ 14ను ఈ నెల నుంచే నిధిలోకి పంపండి. బోనస్ వస్తే అదీ అక్కడికే. ఈ అప్పులు లేకపోతే మీ నెల ఖర్చు 100 కాబట్టి, ఆరు నెలలకు సరిపడా నిధి 600 దాటే వరకు అక్వేరియం కోసం ఏమీ కొనొద్దు. చాలా కాలం పడుతుందని నాకు తెలుసు, పాపకు కూడా నిరాశగా ఉంటుంది. ఆ తర్వాత అదే 14 అక్వేరియం ఖాతాలోకి. ట్యాంకుకు కావాల్సిన 400 కాకుండా దాని సొంత నిధిగా మరో 40 చేరాకే గోడ ముట్టుకోండి. ఆ 40 ఉంటే పంపు పోయిన రోజు మీరు ఇంటి నిధి వైపు చూడక్కర్లేదు.

ఈలోగా ఒక పని చేయవచ్చు. పని చేసేవాళ్లు కాకుండా వేరే స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి ఆ గోడ చూపించండి. 600 లీటర్ల ఉప్పునీరే 615 కిలోలు, గాజు, రాళ్లు, స్టాండు దాని మీద. నేల మోస్తుంది సరే, గోడ సంగతి వేరు. అది పై అంతస్తు బరువు మోసే గోడ అయితే రంధ్రం చేయడానికి ముందు దానిపై దూలం వేయాలి. వెనక మనిషి నిలబడి పని చేసుకునే చోటు కూడా ఉండాలి. అప్పుడు మీ నాలుగు నెలల అంచనా మారిపోతుంది. ఆ కొత్త అంకె వచ్చాక నాకు మళ్లీ రాయండి, దానికి తగ్గట్టు లెక్క వేద్దాం. అడ్వాన్సు అడిగినవాళ్లకు మాత్రం ఇవాళే ఫోన్ చేసి ఇప్పుడు కాదని చెప్పండి.