పెద్ద లోడు ముందు పైలట్ బండి: మీరు అడిగారు, నేను చెప్తున్నా

పోయిన నెల ఇదే పేజీలో ఓడీసీ లోడ్ల గురించి నాలుగు ముక్కలు రాశాను. ఓడీసీ అంటే మామూలు లారీలో పట్టని పెద్ద సామాను, పవర్ ప్లాంట్ల మిషన్లు, సబ్ స్టేషన్ల ట్రాన్స్‌ఫార్మర్లు, సింగరేణి డంపర్లు లాంటివి. వాటి ముందు, వెనక నడిచే ఎస్కార్ట్ బండ్ల మీద మీ దగ్గర్నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను హనుమకొండలో ఉంటా, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి ఎక్కువ మంది అడిగినవి తీసుకున్నా.

అన్నా, ఏడేళ్లు హైదరాబాద్‌లో క్యాబ్ నడిపి ఊరికి వచ్చేసిన. మా దోస్తు ఎస్కార్ట్ పనికి రమ్మంటున్నడు. ముందు సైరన్ కొట్టుకుంట పోవుడే, లోడు దాని మానాన అది వెనకాల వస్తదంటున్నడు. నిజమేనా? లైసెన్స్ ఏం కావాలె? (పరకాల నుంచి ఒక తమ్ముడు)

తమ్ముడూ, మొట్టమొదటిది, సైరన్ మనది కాదు. అది పోలీసులకు, అంబులెన్సుకు, ఫైరింజనుకు. మనకు ఉండేది ఎర్రజెండా, బండి మీద తిరిగే లైటు, వాకీటాకీ, ఒక టేపు, ఒక పొడవాటి ఫైబర్ కర్ర. లోడు దాని మానాన అది వస్తుందని చెప్పిన మనిషి వెనక బండిలో కూర్చుని చూడలేదు. లోడున్న ట్రైలర్‌ను లాగే బండిని పుల్లర్ అంటాం, ఆ పుల్లర్ డ్రైవర్‌కు ముందు అద్దంలోంచి రోడ్డు కనిపిస్తుందే తప్ప లోడు తల మీద ఏముంది, తోక ఎక్కడ తిరుగుతోంది ఏమాత్రం కనిపించదు. అతనికి కళ్లు మనమే.

లైసెన్స్ సంగతికి వస్తే, మన దేశంలో ఎస్కార్ట్‌కని వేరే లైసెన్స్ లేదు. నడిపేది బొలెరోనో, అలాంటి మరో బండో కాబట్టి నీ ఎల్ఎంవీ, అంటే కారు లాంటి తేలిక బండ్ల లైసెన్స్ సరిపోతుంది. 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండి ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూడా తేల్చి చెప్పింది. అమెరికాలో వాషింగ్టన్, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో ఈ పనికి సర్టిఫికెట్ ఉండాలి, ముందు బండికి లోడు ఎత్తు కన్నా కొన్ని అంగుళాలు ఎక్కువుండేలా నిలువు కర్ర బిగించుకుని పోతారు, ఆ కర్ర దేనికైనా తగిలిందంటే లోడు అక్కడే ఆగాలి. మన దగ్గర కూడా అట్లాంటి శిక్షణ రావాలని నా కోరిక, ఎందుకంటే ఇప్పుడు నేర్చుకునేదంతా పక్క సీట్లో కూర్చుని చూసి నేర్చుకునేదే.

నిజమైన పని లోడు కదలక ముందే మొదలవుతుంది. దాన్ని రూట్ సర్వే అంటాం. బయల్దేరే చోటి నుంచి దింపే చోటి దాకా ప్రతి వైరు ఎత్తు, ప్రతి కొమ్మ, మలుపు, స్పీడ్ బ్రేకర్, కల్వర్టు, రైల్వే గేటు కొలిచి రాసుకోవాలి. రోడ్డు మీద బండి వెడల్పుకు మామూలు హద్దు 2.6 మీటర్లు, మన లోడ్లు నాలుగు, ఐదు మీటర్లు కూడా ఉంటాయి. పర్మిషన్ లేకుండా లోడు పక్కకో పైకో హద్దు దాటి పొడుచుకొస్తే 20,000 రూపాయల జరిమానా, పైగా దింపుడు ఖర్చు వేరే. అందుకని కాగితాలు ఎవరి దగ్గరున్నా ఒక జిరాక్స్ నీ బండిలో పెట్టుకో.

మొదటి ఏడాది వెనక బండిలో పని అడుగు, ముందు బండి ఇస్తామన్నా తీసుకోకు. మలుపులో తోక ఎటు పోతుందో వెనక నుంచి చూస్తేనే అర్థమవుతుంది. జీతం మాట్లాడేటప్పుడు ట్రిప్పుకు ఎంత, రోజు బత్తా ఎంత అని అందరూ అడుగుతారు. నువ్వు మాత్రం పర్మిషన్ రాక బండి రోడ్డు పక్కన నిలబడిపోయిన రోజులకు హాల్టింగ్ ఎవరిస్తారో ముందే అడుగు. మా వాళ్లు నష్టపోయేది ఎక్కువగా అక్కడే.

మంచిర్యాల పోయే దారిలో గోదావరి వంతెన దగ్గర మమ్మల్ని అరగంట ఆపారు. వంతెన మీద సగం రోడ్డు ఖాళీగా ఉంది, మీ బండి మాత్రం నత్తలా నడుస్తోంది. పక్క నుంచి పోనిస్తే మీ సొమ్మేం పోయింది? రోడ్డు మీ ఒక్కరిదేనా? (గోదావరిఖని నుంచి ఒక ఉద్యోగి)

సార్, మీ కోపం న్యాయమే. అరగంట ఆపేటప్పుడు ఎందుకు ఆపుతున్నామో ఒక్క మాట చెప్పే మనిషిని అక్కడ పెట్టాలి, చాలాసార్లు పెట్టరు, అది మా వైపు తప్పు. కానీ పక్క నుంచి మాత్రం పోనివ్వలేం. బరువు లోడుకు ఇచ్చే పర్మిషన్ కాగితంలోనే ఉంటుంది, వంతెన మీద ఆ సమయంలో ఇంకో వాహనం ఉండకూడదు, లోడు సరిగ్గా నడుమ గీత మీదే పోవాలి, గంటకు 5 కిలోమీటర్లు దాటకూడదు, మధ్యలో బ్రేకు వేయకూడదు. నడుమ పోతే బరువు వంతెన కింద దూలాలన్నిటి మీదా పంచుకుంటుంది, ఒక పక్కకు జరిగితే ఆ పక్క దూలం మీదే పడుతుంది. వందల టన్నులు కదులుతూ ఉన్నట్టుండి ఆగితే ఆ తోపుడంతా వంతెన మీదికి పోతుంది. మీ కారు పక్క నుంచి వస్తే పుల్లర్ డ్రైవర్ చేయి అనుకోకుండానే ఎడమకు తిరుగుతుంది, అది చాలు.

అంబులెన్స్ వస్తే ఎలా అని ఇంకొకరు కూడా రాశారు. అందుకే వంతెన ఎక్కే ముందు రెండు వైపులా చూసుకుంటాం, దూరంగా అంబులెన్స్ చప్పుడు వినిపించినా ముందు దాన్ని దాటించి తర్వాతే ఎక్కిస్తాం. ఎక్కాక మాత్రం దిగేదాకా ఆపేది లేదు. మామూలు రోడ్డు మీద మా వెనక బండి జెండా ఊపి పొమ్మంటేనే ఓవర్‌టేక్ చేయండి. హారన్ ఎంత కొట్టినా మేం పొమ్మనకపోతే ముందు ఏదో ఉందనే అర్థం. నేషనల్ హైవే మీద మా లాంటి లోడు జెండా, లైటు లేకుండా అడ్డంగా నిలబడి కనిపిస్తే 1033కు ఫోన్ చేయండి, మొహమాటపడొద్దు.

మా ఊరు ములుగు దగ్గర. మొన్న పెద్ద లోడు పోతూ నాలుగు ఇళ్ల సర్వీసు వైర్లు తెంపింది, ఆగకుండా పోయారు. రెండు రోజులు కరెంటు లేదు. ఎవరిని అడగాలి? అసలు అంత ఎత్తు సామాను ఊళ్లోంచి ఎట్లా తెస్తారు? (ఒక రైతు)

అన్నా, ఆగకుండా పోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. తెగిన వైరును ఎవరూ ముట్టుకోవద్దు, పిల్లల్ని, పశువులను దూరం పెట్టి 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా ఒక మనిషిని అక్కడే ఉంచండి. లోడు ఫోటో తీసేటప్పుడు పుల్లర్ నంబరు, వెనక ట్రైలర్ నంబరు రెండూ వచ్చేలా తీయండి, రెండూ వేరువేరుగా ఉంటాయి. వాటితో ఠాణాలో కాగితం ఇవ్వండి. దారిలో జరిగే నష్టం లోడు తీసుకుపోయే ట్రాన్స్‌పోర్ట్ వాళ్లే భరించాలి, కరెంటోళ్లు వసూలు చేసేది కూడా వాళ్ల దగ్గరే.

ఎట్లా తెస్తారని అడిగావు కాబట్టి నా చేతుల మీద జరిగింది చెప్తా. వీధికి అడ్డంగా పోయే ఎల్‌టీ లైను, అంటే ఇళ్లకు కరెంటిచ్చే తక్కువ వోల్టేజీ లైను కనీసం 5.8 మీటర్ల ఎత్తులో, ఎక్కువ వోల్టేజీ ఉండే 11 కేవీ లైను 6.1 మీటర్ల ఎత్తులో ఉండాలి, రూలు అది. స్తంభం నుంచి ఇంటికి లాగిన సర్వీసు వైరు దగ్గర ఈ రూలు తరచూ పనిచేయదు, మన ఊళ్లల్లో అది ఎక్కడికక్కడ జారి ఉంటుంది.

కొన్నేళ్ల కింద జనవరిలో తెల్లవారుజామున ఒక ఊళ్లో సర్వే చేశా. చలి, రోడ్డంతా మంచు. కర్ర నిలబెట్టి చూస్తే ఒక వైరు 5.6 మీటర్లు వచ్చింది. మా లోడు ట్రైలర్‌తో కలిపి 5.4. ఇరవై సెంటీమీటర్లు ఉంది కదా అని పుస్తకంలో రాసుకుని వచ్చేశా. పర్మిషన్ ఆలస్యమై లోడు ఏప్రిల్ చివర్లో కదిలింది, ఆ ఊరికి చేరేసరికి మధ్యాహ్నం రెండు. నేను మళ్లీ కొలవలేదు. ఎండకు వైరు సాగి కిందికి జారుతుందని నాకు తెలుసు, తెలిసీ పుస్తకంలో అంకెను నమ్మాను. పైగా ఈ మూడు నెలల్లో అక్కడ కొత్తగా తారు వేశారు, రోడ్డే నాలుగు వేళ్లు పైకి లేచింది. అది బండి చక్రం కింద నున్నగా తగులుతుంటే కూడా నాకు వెలగలేదు.

వెనక నుంచి వాకీటాకీలో "ఆపు ఆపు" అని అరుపు వినిపించేసరికి ట్రాన్స్‌ఫార్మర్ నెత్తి మీది బోల్టు వైరును పట్టి లాగుతోంది. వైరు తెగలేదు, ఇంటి గోడకున్న ఇనుప గొట్టం పెళ్లతో సహా ఊడి వచ్చింది, దాంతో పాటు మీటరు పెట్టె. ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. బయటికి వచ్చి గోడకు పడ్డ బొక్క చూసి ఏమీ అనలేదు, "బిడ్డా, ఎవరికన్న దెబ్బ తాకిందా" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. లోడును ఊరి బయట ఆపించి, లైన్‌మన్‌ను పిలిచి, మేస్త్రీని తెచ్చి గోడ పూడ్పించి, బల్బు వెలిగేదాకా అక్కడే ఉన్నా. రాత్రి ఎనిమిది దాటింది.

అప్పటి నుంచి సర్వే అంకెలు నాకు దారి గుర్తు కోసమే. లోడు వచ్చే రోజు, లోడు వచ్చే గంటలో, తక్కువ ఎడం ఉన్న ప్రతి వైరు కింద బండి దిగి మళ్లీ కర్ర పెడతా. హైడ్రాలిక్ ట్రైలర్ అయితే అవసరమైన చోట మొత్తం లోడును ఒక అడుగు దాకా కిందికి దించొచ్చు, దించి దాటించి మళ్లీ లేపుకోవచ్చు. తొడుగున్న సర్వీసు వైరు అయితే లైన్‌మన్‌ను పక్కన పెట్టుకుని చీలిక కర్రతో ఎత్తుతాం. కానీ 11 కేవీ లైను జోలికి ఏ కర్రతోనూ పోయేది లేదు, ఎండిన వెదురైనా సరే. కరెంటాఫీసు ఏఈకి ముందురోజే చెప్పి ఎల్‌సీ, అంటే లైను ఆపినట్టు అనుమతి తీసుకోవాలి, స్తంభం మీద లైను ఆపే ఏబీ స్విచ్ దింపి ఎర్తింగ్ కట్టడం కళ్లారా చూశాకే లోడు కదలాలి. ఎల్‌సీ తీస్తే మీ బోరు మోటార్లు ఆగుతాయి, నారు ఎండుతోందని మీరు కోప్పడతారు. అందుకే ముందురోజు సాయంత్రం ఊళ్లో చెప్పించడం కూడా ఎస్కార్ట్ పనే అంటా. మీ ఊళ్లో అది ఎవరూ చేయలేదు, దానికి నాకు బాధగా ఉంది.

మా ఆయన ఎస్కార్ట్ డ్రైవర్. ఇరవై రోజులు ఇంటికి రాడు, పగలు ఫోన్ చేస్తే ఎత్తడు, ఎత్తినా "తర్వాత చేస్తా" అని పెట్టేస్తాడు. నాకు ఒకటే టెన్షన్. ఏదన్నా దాస్తున్నాడా? (జమ్మికుంట నుంచి ఒక చెల్లె)

చెల్లె, అతని సంగతి నాకు తెలియదు కాబట్టి మాట ఇవ్వలేను. పగలు ఫోన్ ఎత్తకపోవడానికి మాత్రం ఈ పనిలో కారణం ఉంది. అతని చేతిలో వాకీటాకీ ఉంటుంది, "ఎడమ కొమ్మ, మెల్లగా, ఇంకా మెల్లగా, సరే రానీ" అని నిమిషం నిమిషం చెప్తూనే ఉండాలి. ఫోన్ చెవికి పెట్టుకున్న ఆ పది సెకన్లలో వెనక లోడు ఆగదు. ఎత్తకపోతే సంతోషించాల్సిన ఉద్యోగం ఇది.

కానీ లోడు నిలబెట్టాక ఫోన్ చేయకపోతే దానికి సాకు లేదు. నేనూ చాలా ఏళ్లు చేయలేదు, అలసిపోయా అనుకుని డాబాలో తిని పడుకునేవాణ్ణి, మా పెద్దమ్మాయి నన్ను చూసి కొత్త మనిషిని చూసినట్టు తలుపు చాటుకు పోయాక గానీ మారలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఒక ఒప్పందం ఉంది. ఇంజను ఆపి చక్రాలకు రాళ్లు పెట్టగానే మొదటి ఫోన్ ఇంటికి. పొద్దున కదిలే ముందు ఏ ఊరి నుంచి ఏ ఊరికో ఒక మెసేజ్. నువ్వు కూడా అంతవరకే అడుగు, అది ఇవ్వలేని పని కాదు. ఇరవై రోజులు ఎందుకు రాడంటే, లోడు రోజుకు నలభై కిలోమీటర్లు నడిచిన రోజు మాకు మంచి రోజు. బండి వదిలి రావడానికి మార్చే మనిషి ఉండాలి, ఆ మనిషిని పెట్టమని మీ ఆయన ఓనర్‌ను గట్టిగా అడగాలి.

మేడారం జాతరప్పుడు మీ లోడ్లు ఆ దారిలో నడుస్తాయా? మేం కుటుంబంతో బండ్లమీద పోవాలనుకుంటున్నాం. (జనగామ నుంచి ఒక అక్క)

నడపం అక్కా. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి జాతర, దానికి చాలా ముందే ములుగు, పస్రా, తాడ్వాయి దారి జనంతో నిండుతుంది. ఏటూరునాగారం వైపు పోయే లోడు ఏదైనా ఉంటే వరంగల్ దాటకముందే ఎక్కడో ఒక చోట నిలబెట్టి, అమ్మవార్లు వనప్రవేశం చేసి జనం పలచబడ్డాకే కదిలిస్తాం. మీరు నిశ్చింతగా పోయి రండి. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన టార్పాలిన్ కప్పుకుని నిలబడ్డ పెద్ద ట్రైలర్ కనిపిస్తే, దాని దగ్గర వంట చేసుకుంటున్న మా పిల్లలకు ఇంత బంగారం (అమ్మవార్ల బెల్లం) ప్రసాదం ఇచ్చి పోండి, వాళ్లకు జాతర చూసే వీలు ఉండదు.