ఆల్జినేట్ పూసలు కరిగిపోతుంటే ముందు బఫర్‌ను చూడండి

రాయగడలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న మీరు, హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మందును ప్రెడ్నిసొలోన్ అనే మరో స్టెరాయిడ్‌గా మార్చడానికి ఆర్థ్రోబ్యాక్టర్ సింప్లెక్స్ అనే బ్యాక్టీరియా కణాలను కాల్షియం ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే పదార్థంతో చేసిన జెల్) పూసల్లో బంధించారనీ, ఫాస్ఫేట్ బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణం) వేస్తే రెండో రోజుకే పూసలు చెదిరిపోతున్నాయనీ రాసి, కణాలను వదిలి వాటి నుంచి శుద్ధి చేసిన ఎంజైమ్‌కు మారాలా అని అడిగారు. మారవద్దనే నా సలహా. కొన్నేళ్ల క్రితం బరంపురంలో ఇదే పని చేస్తూ నేనూ ఇక్కడే ఆగిపోయాను. దోషం కణాలది కాదు, బఫర్‌ది.

ఆల్జినేట్ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టి ఉంచేవి కాల్షియం అయాన్లు. ఫాస్ఫేట్ ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది కనుక పూస మెత్తబడి, ఉబ్బి, చివరికి విచ్చిపోతుంది. సిట్రేట్ అయినా ఇంతే. నేను ట్రిస్ బఫర్‌కు మారి, అందులో కొద్దిగా కాల్షియం క్లోరైడ్ కలిపిన తరువాత అవే పూసలను ఐదు విడతలు వాడుకోగలిగాను.

ఇక ఎంజైమ్ సంగతి. ఈ చర్యలో స్టెరాయిడ్ మొదటి, రెండో కార్బన్ల నుంచి ఒక్కొక్క హైడ్రోజన్ తొలగి అక్కడ జంటబంధం ఏర్పడుతుంది. అణుభారం 362 నుంచి 360కి తగ్గడమే పైకి కనిపించే మార్పు. ఆ హైడ్రోజన్లను ముందుగా ఎంజైమ్‌లోని ఎఫ్‌ఏడీ అనే సహాయక అణువు అందుకుంటుంది, దాని నుంచి మరో పదార్థం అందుకుంటేనే ఎంజైమ్ మళ్లీ పనికి వస్తుంది. బతికున్న కణంలో శ్వాసక్రియ వ్యవస్థ ఆ హైడ్రోజన్ల ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు చేరవేస్తుంది. విడిగా తీసిన ఎంజైమ్‌కు మెనాడియోన్ వంటి, ఎలక్ట్రాన్లను అందుకునే పదార్థాన్ని మీరే సమకూర్చాలి, శుద్ధి చేసే శ్రమ అదనం. 1970లో స్వీడన్‌కు చెందిన మోస్‌బాఖ్, లార్సన్ ఈ చర్యనూ, కర్వ్యులేరియా లూనాటా అనే శిలీంధ్రంతో జరిగే 11-బీటా హైడ్రాక్సిలేషన్‌నూ (స్టెరాయిడ్ 11వ కార్బన్‌కు హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చడం) కణాలను పాలీఅక్రిలమైడ్ జెల్‌లో బంధించి చేసి చూపారు. అయితే అక్రిలమైడ్ మోనోమర్ విషపూరితం, విద్యార్థి ప్రయోగశాలకు ఆల్జినేటే మేలు.

ఆక్సిజన్ తప్పనిసరి కనుక పూస పరిమాణాన్ని తేలికగా తీసుకోవద్దు. నేను మొదట లావు సూదితో బఠానీలంత పూసలు చేశాను. గాలి లోపలికి చేరక నడిమధ్య కణాలు వృథా అయ్యాయి. సన్న సూదితో సగ్గుబియ్యం గింజలంత చేసినప్పుడే ఫలితం మెరుగుపడింది. ఒక రాత్రి కరెంటు పోయి ఫ్లాస్కులను ఊపే షేకర్ ఆగిపోయినప్పుడు తెల్లవారేసరికి చర్య ఎక్కడిదక్కడే నిలిచి ఉంది. పూసలు చేయడానికి సోడియం ఆల్జినేట్‌ను నీటిలో కలియబెడుతూ చిటికెడు చిటికెడుగా చల్లండి, లేకపోతే ఉప్మాలో రవ్వలా ఉండలు కడుతుంది.

కొలతలో నేను ఘోరంగా పొరబడిన చోటు ఒకటుంది. హైడ్రోకార్టిసోన్ 25 డిగ్రీల వద్ద మిల్లీలీటరు నీటిలో సుమారు 0.28 మిల్లీగ్రాములే కరుగుతుంది. అందుకే దాన్ని కొద్దిపాటి మిథనాల్‌లో కరిగించి కలుపుతాం. ద్రవంలో హైడ్రోకార్టిసోన్ తగ్గిపోవడం చూసి మార్పు జరిగిందని సంతోషించాను. నిజానికి కొంత అడుగున పేరుకుంది, కొంత పూసల్లోకి చేరింది. పైగా రెండు స్టెరాయిడ్లూ 242 నానోమీటర్ల దగ్గరే కాంతిని గ్రహిస్తాయి కనుక స్పెక్ట్రోఫోటోమీటర్ ఒక్కటే వాటిని వేరు చేయలేదు, హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) కావాలి. కణాలు లేని ఖాళీ పూసలతో మరో ఫ్లాస్కు నడిపి, రెండింటిలోనూ ద్రవంతోపాటు పూసలను కూడా నలిపి ఇథైల్ అసిటేట్ ద్రావణితో స్టెరాయిడ్లను తీసి చూడండి.