గణితం టీచరు లేరు, ఈత కొలనుకు 60,000: ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. ఉద్యోగరీత్యా చెన్నై పెరంబూరులో స్థిరపడ్డాము. మా అమ్మాయి ఒక ప్రైవేటు మెట్రిక్యులేషన్ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నది. ఆరు నెలలుగా ఆ తరగతికి గణితం టీచరు లేరు. పరీక్ష రాసి వచ్చిన ప్రతిసారీ పిల్ల ఏడుస్తున్నది. రన్నింగ్ ట్రాకు, ఈత కొలను కడతామని పాఠశాల మాత్రం ఒక్కొక్క విద్యార్థి నుంచి రూ. 60,000 వసూలు చేసింది. మొదటి 30,000 నా భార్య గొలుసు కుదువపెట్టి నగదుగా కట్టాను. రసీదు ఇవ్వలేదు. అది జరిగి రెండేళ్ళ పది నెలలైంది. మిగిలిన సగం ఆరు నెలల తరువాత ట్రస్టు ఖాతాకు బ్యాంకు ద్వారా పంపాను. ఇప్పుడు అడిగితే, పాత తేదీతో 'ఇష్టపూర్వకంగా విరాళం ఇచ్చాను' అని సంతకం చేస్తే ఆదాయపు పన్ను మినహాయింపుకు పనికివచ్చే 80జి రసీదు ఇస్తామంటున్నారు. సంతకం చేయమంటారా? టీచరును నియమించేవరకు ఫీజు మొత్తం ఆపవచ్చా? చదువును వదిలి ఆటలకు ఖర్చు పెట్టడం న్యాయమేనా?

జవాబు: మీ చివరి ప్రశ్నను ముందే పక్కన పెడుతున్నాను. చదువు గొప్పదా, ఆటలు గొప్పవా అన్న వాదనపై ఏ న్యాయస్థానమూ మీకు డిక్రీ ఇవ్వదు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సు, గణితం బోధించే ఉపాధ్యాయులు ఉండాలని చెప్పిన 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలే, ప్రతి పాఠశాలకూ ఆటస్థలం, ఆట సామగ్రి ఉండాలని కూడా చెప్పింది. ఇరుకు మేడల్లో, కాలు చాపుకొనే చోటు లేని బడుల్లో చదివే పిల్లలున్న ఈ నగరంలో ఆటలకు పెట్టే ఖర్చును దుబారా అనడానికి నాకు మనసొప్పదు.

మీ వ్యవహారాన్ని తేల్చేది ఒకే ఒక్క అంశం. మీరు కట్టిన 60,000 రూపాయలు మీ పాఠశాలకు ఫీజు నిర్ణయ కమిటీ ఖరారు చేసిన ఫీజులో చేరి ఉన్నదా, లేదా? తమిళనాడులో 2009 నాటి పాఠశాలల ఫీజు వసూలు క్రమబద్ధీకరణ చట్టం ప్రకారం, ఆ కమిటీ ప్రైవేటు పాఠశాల ఉన్న ప్రాంతం, అందులోని వసతులు, నిర్వహణ ఖర్చు, అభివృద్ధికి కావలసిన సహేతుకమైన మిగులు, ఇవన్నీ చూసి మూడు విద్యా సంవత్సరాలకు ఫీజు నిర్ణయిస్తుంది. అభివృద్ధికి కావలసిన మిగులు ఆ లెక్కలోనే కలిసి ఉన్నప్పుడు, అదే అభివృద్ధి పేరు చెప్పి బయట మళ్ళీ వసూలు చేయడానికి పాఠశాలకు అధికారం లేదు. మూలధన వ్యయం, అంటే కట్టడాల వంటి శాశ్వత ఆస్తులకయ్యే ఖర్చు, ఫీజు లెక్కలో భాగం కారాదని సుప్రీంకోర్టు 2004లో మోడరన్ స్కూల్ కేసులో చెప్పిన మాట మీకు వాదనలో ఊతమిస్తుంది. అయితే అది ఢిల్లీ నిబంధనలపై వచ్చిన తీర్పు కనుక, మీ అసలు బలం కమిటీ ఉత్తర్వు కాగితంలోనే ఉన్నది.

ఇక సాక్ష్యం. గొలుసు కుదువపెట్టి తెచ్చిన డబ్బును రసీదు లేకుండా చేతికిచ్చి రావడం క్షమించరాని అజాగ్రత్త. మీరు పడిన కష్టం ఎంత పెద్దదైనా అది డబ్బు చేరినట్లు రుజువు కాదు. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. కుదువ చీటీ తేదీ, పాఠశాల పంపిన సర్క్యులరు, అదే మొత్తం కట్టిన ఇతర తల్లిదండ్రుల వాంగ్మూలాలు, మీ రెండో విడత బ్యాంకు పత్రం, వీటన్నిటినీ కలిపి చూపితే మొదటి విడతనూ నమ్మించే అవకాశముంది. సర్క్యులరు వాట్సాప్‌లో వచ్చి ఉంటే ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కోరే ధ్రువపత్రం లేకుండా దాని ప్రింటు కాగితం సాక్ష్యంగా నిలవదు.

ఆ విరాళపు లేఖపై మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ సంతకం చేయకండి. బలవంతపు వసూలు అన్న మీ వాదనను మీ చేతితోనే కొట్టివేసే కాగితం అది. పైగా పాత తేదీ వేయడమంటే తప్పుడు పత్రం సృష్టించడంలో మీరూ భాగస్వామి కావడమే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి పన్ను మినహాయింపే లేదు కనుక, మొదటి విడతకు ఆ రసీదు వల్ల మీకు ఒరిగేదీ లేదు. ఫీజు మొత్తం ఆపడం కూడా పొరపాటే. కమిటీ నిర్ణయించిన ఫీజును గడువులోగా బ్యాంకు ద్వారా కట్టండి, లేకపోతే ఫిర్యాదుదారైన మీరే బాకీదారుగా నిలబడవలసి వస్తుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. పాఠశాలలు నడిపే ఈత, క్రీడల వంటి కార్యక్రమాలు సైతం వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని జాతీయ కమిషన్ 2020లో తీర్పు చెప్పింది. అక్కడ తిరిగి వచ్చేసరికి అసలు గడువు దాటిపోతుంది.

ఆ గడువే ఇప్పుడు మీ తక్షణ సమస్య. డబ్బు తిరిగి రాబట్టుకొనే దావాకు కాలపరిమితి చెల్లించిన నాటి నుంచి మూడేళ్ళు. మొదటి విడతకు మీకు మిగిలింది రెండు నెలలు మాత్రమే. మీరు రాసే ఉత్తరాలు, కమిటీకి ఇచ్చే ఫిర్యాదు, 'వచ్చే ఏడు సర్దుబాటు చేస్తాం' అనే నోటి హామీలు, ఇవేవీ ఆ గడువును ఆపవు. బాకీని ఒప్పుకొంటూ గడువులోపల పాఠశాల సంతకంతో రాసిచ్చిన కాగితం ఒక్కటే కొత్త గడువు ఇస్తుంది.

ఈ వారమే కమిటీకి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, మీ పాఠశాలకు ఆయా సంవత్సరాల్లో ఇచ్చిన ఫీజు ఉత్తర్వుల నకళ్ళు కోరండి. దానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది కనుక, ఆలోగానే న్యాయవాది ద్వారా పాఠశాలకూ ట్రస్టుకూ నోటీసు పంపండి. నకలు రాగానే అధిక వసూలుపై కమిటీకి ఫిర్యాదు ఇవ్వండి. ఆరోపణ రుజువైతే గుర్తింపు రద్దుకు సిఫారసు చేసే అధికారం కమిటీకి ఉన్నందున, చాలా పాఠశాలలు ఈ దశలోనే దిగివస్తాయి. నకలు ఆలస్యమైనా సరే, మొదటి విడత గడువు ముగిసేలోగా దావా వేయండి. గణితం టీచరు విషయాన్ని ఈ ఫిర్యాదులో కలపకుండా, తరగతిలోని ఇతర తల్లిదండ్రుల సంతకాలతో జిల్లా విద్యాధికారికి వేరుగా అర్జీ ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి.