గొంతు మారిన రోజు సీను ఏదీ?

తమ్ముడూ,

నీ స్క్రిప్టు రాత్రే చదివేసేను, మధ్యలో కరెంటు పోతే ఫోన్ లైటు పెట్టుకుని మరీ చదివేను, అంటే బోరు కొట్టలేదనే కదా. 1990ల్లో విజయనగరంలో నలుగురు టెన్త్ కుర్రాళ్ళు బ్యాండ్ పెట్టడం, బావుంది. కానీ ఆ క్యాసెట్లో పెన్సిల్ పెట్టి తిప్పడం, పాతిక పైసల ఐసు, అవన్నీ తీసేయ్. నువ్వప్పటికి పుట్టనేలేదు, అవి వాట్సాప్ ఫార్వర్డులు.

మొదటి సీనులోనే నలుగురూ కూర్చుని బ్యాండ్ పెడదాం అని తీర్మానం చేసేస్తారేటి, పంచాయతీ మీటింగులాగ? నీకిష్టమైన సినిమా సింగ్ స్ట్రీట్‌లో చూడు, 1985 డబ్లిన్ కుర్రాడు ముందు తనకి నచ్చిన పిల్లని మా బ్యాండ్ వీడియోలో చేస్తావా అనడిగేస్తాడు, బ్యాండ్ పెట్టేది ఆ తరవాతే. మనూళ్ళో అయితే బ్యాండ్ అనగానే పెళ్ళి మేళమే, ఇంట్లో చెప్తే అమ్మ "ఎవరి పెళ్ళిరా" అంటాది. అది వాడుకోవా?

ఇంకోటి, "ఘంటసాల గారు, సుశీలమ్మ చదివిన సంగీత కాలేజీ మనది" అని హీరో చేత చెప్పించేవు. ఊళ్ళో పుట్టినోడు అలా మాట్లాడతాడా? 1919 నుంచీ ఉన్న కాలేజీ, గంటస్తంభం ఎలాగో అదీ అలాగే, పక్కనుంచి సైకిల్ మీద పోతాం అంతే. నలుగుర్లో ఒకడు సాయంత్రాలు అక్కడ వయొలిన్ నేర్చుకుంటున్నాడనుకో. కర్ణాటక వయొలిన్ నాలుగు తీగలూ స-ప-స-ప, పాడేవాడి శ్రుతిని బట్టి మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవాలి. కీబోర్డు వాడికా బాధ లేదు, ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే శ్రుతి దానంతటదే మారిపోతాది.

నీ సినిమా ఇక్కడుంది, నువ్వు దాటుకుని వెళ్ళిపోయేవు. పాడేవాడికి పద్నాలుగేళ్ళు కదా, మొదట్లో ఐదు శ్రుతిలో, అంటే బాగా పైన, ఆడపిల్లల్తో సమానంగా పాడతాడు, చవితి పందిరి ప్రోగ్రాం ఇంకో పది రోజులుందనగా గొంతు మారిపోతాది. పైకి వెళ్తే అందదు, కిందకి దిగితే ఎవరో వేరేవాళ్ళ గొంతులాగుంటాది, జలుబని అబద్ధమాడతాడు. కీబోర్డువాడు బటన్ నొక్కేసి రెడీ అంటాడు. వయొలిన్‌వాడు బిరడాలు తిప్పుతూ కూర్చుంటాడు, తీగలు వదులైపోయి మూలుగుతాయి, మిగతావాళ్ళు చూస్తూ ఉంటారు, ఒక్కడూ మాట్లాడడు. ఇది రాస్తే చివర్న "మనం పెద్దోళ్ళమైపోయాం రా" అని నువ్వు పెట్టిన రెండు పేజీల డైలాగు ఎందుకు? కొట్టే నాన్న కూడా అక్కర్లేదు, నిజానికి ఆ నాన్నని నేనెక్కడా నమ్మలేదు.

నాకూ అదే అయింది లే. మా ఆర్కెస్ట్రాలో పాడేది నేనే, ఒక పందిట్లో పల్లవి ఎత్తుకుంటే బాతు అరిచినట్టొచ్చింది, కమిటీవాళ్ళు మైకు ఆపేసి ప్రసాదం పంచడం మొదలెట్టేరు. పులిహోర. మా జాజ్ డ్రమ్స్ వాడు మాత్రం పాట అయిపోయిందనుకోక ఇంకో నిమిషం వాయించేడు, వాణ్ణి తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాగదు. నీ కథలో అలాంటోడు ఒకడుండాలి.

ఆదివారం సాయంత్రం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరకి రా. వయొలిన్ వాయించే ఫ్రెండొకడున్నాడు, ఐదు శ్రుతి నుంచి ఒకటో శ్రుతికి దించమందాం, ఎంతసేపు పడతాదో నువ్వే వాచీ పట్టుకుని చూద్దువు గాని. ఆ సీనుకి అంత నిడివి ఉంచు.

ఉంటాను,
అన్న