45 వేల పింగాణీ సెట్టు తినడానికా, బీరువాలో పెట్టడానికా?

విజయనగరం నుంచి ఒక చెల్లెమ్మ రాసింది. మాఘంలో పెళ్లి. ఆఫీసు స్నేహితులు పదిమంది తలో 3 వేలు వేసుకుంటాం, ఏం కావాలో నువ్వే లిస్టు ఇయ్యి అన్నారట. తన మనసు బోన్ చైనా డిన్నర్ సెట్టు మీద ఉంది. దాని ధర 45 వేలు, తక్కువ పడిన 15 వేలు కార్డు మీద ఈఎంఐ పెట్టేద్దామని ఆలోచన. అమ్మేమో ఆ డబ్బుకి శ్రీకాకుళం జిల్లా బుడితి ఊరి కంచు సామాను కొనుక్కోమంటోంది.

ముందు ఈఎంఐ సంగతి. వద్దమ్మా. ఊరికే వచ్చే బహుమతికి అప్పు చేయడమేంటి? నో కాస్ట్, అంటే వడ్డీ భారం లేదు అన్నా చాలా కార్డుల్లో ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, బ్యాంకు లెక్కలో చూపే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

ఇక బోన్ చైనా. పేరులోనే ఉంది, అందులో కలిసేది పశువుల ఎముకల బూడిద, పాత ఇంగ్లిష్ పద్ధతిలో అయితే సగానికి సగం అదే. వెలుతురుకి పట్టుకుంటే వేళ్ల నీడ కనిపించేంత పల్చగా, అయినా గట్టిగా ఉంటుంది, అందుకే ఆ ధర. అత్తగారింట్లో నీచు ముట్టనివాళ్లుంటే మాత్రం ఈ సంగతి కొన్నాక కాదు, కొనకముందే చెప్పు. బంగారు అంచుదైతే మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, స్టీలు పీచుతో తోమకూడదు, అంటే రోజూ వాడవు. మా పెళ్లికొచ్చిన సెట్టు మూడు అద్దె ఇళ్లు మారింది గానీ అట్టపెట్టె దిగలేదు.

ఓపల్ సామాను పింగాణీ కాదు, గాజు. తేలిక, చవక. మట్టి రకం, అంటే ఎర్తెన్‌వేర్, చూడ్డానికి బాగుంటుంది, కానీ పెచ్చు లేచిన చోట నీళ్లు పీలుస్తుంది. నా ఓటు అంచు రంగులేని తెల్ల పోర్సిలిన్‌కి, అదీ విడిగా ఒక్కో పళ్లెం అమ్మే రకానికి. ఎందుకంటే పింగాణీలో డబ్బు పోయేది కొన్న రోజు కాదు, రెండు పళ్లాలు పగిలి అదే డిజైను దొరక్క మొత్తం సెట్టు పక్కన పెట్టేసిన రోజు. ఆరుకి బదులు ఎనిమిది తీసుకో, గిన్నెలతో కలిపి 12 వేలు దాటనివ్వకు.

అమ్మ మాటలో లెక్క ఉంది. కంచు పాతదైనా తూకానికి ఎంతో కొంత వస్తుంది, వాడిన పింగాణీకి పైసా రాదు. ఒక 8 వేలు అటు పెట్టు, అమ్మా సంతోషిస్తుంది.

మిగతా 10 వేలు నీ ఖాతాకే వేయమను, నాన్న ఖాతాకి కాదు. పెళ్లి కానుకకి పన్ను లేదనేది పెళ్లి చేసుకునేవాళ్లకే, తల్లిదండ్రులకి వర్తించదు. ఎఫ్‌డీ చేస్తే వచ్చే వడ్డీకి మాత్రం పన్ను ఉంటుంది.

ఇంకోటి, షాపులో పళ్లెం లోతు చూడు. మరీ చదునుగా ఉంటే చారు పోసుకోగానే ఒళ్లోకొస్తుంది.